నిలిచిన బొమ్మ, మాఱిన రంగు

మా చింతలపూడి ప్రాంతమున మామిడికోతలును పెండ్లిండ్లును ఒక్కమాఱే వచ్చును. పగలు చిక్కము పట్టిన చేతులే సాయంకాలము తాంబూలము లందుకొనును. ఆ పెండ్లిండ్లను వీడియో తీయువారును, తీసినదానిని కంప్యూటరుపై కూర్చి కుదించువారును నేడు మాకు కొఱవడలేదు. వారి విద్యలో రెండింటినిగూర్చి ముచ్చటింతును: కదలు బొమ్మను నిలుపుట యొకటి, రంగును మాఱ్చుట రెండవది. వ్యాకరణము చెప్పుకొనువాని కీ గొడవ యేల యని శ్రోత లడుగవచ్చును. కారణము కలదు.

నిరుడు మా అన్నగారు కాలము చేసినప్పుడు ఇంట నాయన పటము మంచిది లేదయ్యెను. ఫోటో యనిన ఆయన తప్పించుకొని తిరిగెడివారు. 1998లో జరిగిన కూతురి పెండ్లి టేపులో మాత్రము, అల్లునితో నేదో పరాచికమాడి నవ్వుచు చేయెత్తిన ఘట్టము క్షణకాలము కలదు. దానిని పట్టుకొని, నాయొద్ద చదివికొనిన యొక కుఱ్ఱవాని దుకాణమునకు పోతిని.

అతడు బొమ్మను నిలిపెను. చేయి దువ్వెనపండ్లవలె చీలికలు చీలికలుగా కనబడెను. "టేపు పాడైనదా?" యంటిని. "కాదు మాస్టారూ, ఆ కాలపు వీడియో తీరే అంత" అనెను.

కదలు బొమ్మ యనగా నిలిచిన బొమ్మల వరుసయే. సినిమాలో సెకనునకు 24, మన దేశపు టెలివిజను పద్ధతిలో 25. ఒకదానిని మూడు సెకనులు నిలుపవలెనన్న దానినే 75 మాఱులు చూపవలెను. దీనినే ఫ్రీజ్ ఫ్రేమందురు. పూర్వము ఫిల్ముపై ఒక్క బొమ్మనే మఱల మఱల ముద్రించెడివారు. నాయికానాయకుల నవ్వు నిలిచిపోయి "శుభం" పడుట శ్రోతలందఱు నెఱిగినదే. అయితే ఆనాటి టేపులో ఒక్కొక్క బొమ్మ రెండు సగములు. బేసిగీత లొక సగము, సరిగీత లొక సగము. రెంటికిని నడుమ సెకనులో 50వ వంతు ఎడము. ఆ యెడములో చేయి కదలినది గావున రెండు సగములలో రెండుచోట్ల నున్నది. పరుగులో కంటికందని యీ లోపము నిలిపినప్పుడు బయటపడును. ఒక సగమును విడిచి, మిగిలిన గీతల నడుమ ఖాళీలను పైక్రింది గీతల సరాసరితో నింపుటయే చికిత్స. బొమ్మ కొంచెము మెత్తబడును. అంతకంటె మేలు, కదలిక తనంతట నాగిన చోటు వెదకుట. చేయి పైకిపోయి దిగబోవు నడుమ నట్టి చోటు దొఱకినది గాని, నవ్వుతో తల యూగుచుండుటచే సగము విడువక తప్పలేదు.

ఇక రంగు. తెరపై ప్రతిబిందువునందును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాళ్లుండును. వానిని నలుపుతెలుపులకు దింపునప్పుడు సమముగా కలుపరాదు. మన కంటికి ఆకుపచ్చ మిక్కిలి కాంతివంతము, నీలము తక్కువ; కావున నూటికి రమారమి 59 ఆకుపచ్చ, 30 ఎఱుపు, 11 నీలము చొప్పున కలుపు లెక్క పాత టెలివిజను నుండి వచ్చినది. రంగు క్రమముగా పోవలెనన్న మొదటిచోట రంగుపాలు 100 అనియు, రెండు సెకనుల పిమ్మట 0 అనియు గుఱుతు లుంచవలెను; నడిమి లెక్క యంత్రమే వేసికొనును. ఈ గుఱుతులకు కీఫ్రేములని పేరు. బొమ్మ నిలిచిన పిదపనే రంగు మాఱవలెను. రెండును ఒక్కసారి జరిగిన కన్ను తొట్రుపడును. వెనుక మేళమును మాత్ర మాపరాదు.

బ్రదికియున్నవారియెడ ఈ విద్య జాగ్రత్తగా చూపవలెను. ఒక పెండ్లి వీడియోలో పెండ్లికూతురి అమ్మమ్మను సోకుగా నలుపుతెలుపులలో నిలిపిరి. ఆమె చూచి "నన్నప్పుడే గోడ కెక్కించితిరా!" యని లేచిపోయెను.

మా యింటను ఇంచుమించు అట్లే యయ్యెను. కుఱ్ఱవాడు అన్నగారి రంగు మెల్లగా తీసివేయగా మా వదినగారు "ఆ కండువాకు పసుపు నేనే పెట్టితిని, అది పోయినదేమి?" అనిరి. అతడు గుఱుతులను తిరగవేసెను: మొదట బూడిదరంగున నిలిచిన బొమ్మ, పిమ్మట రంగు వచ్చుట, ఆపై చేయి దిగి నవ్వు సాగుట. అసలు టేపులో రంగుండుటచే నిది సులభము. 1957 నాటి మాయాబజారునకు 2010లో రంగులద్దినవారి కష్టము వేఱు. అచట మిగిలినది బూడిదరంగొక్కటే. పచ్చికాయయు ఎఱ్ఱచీరయు ఒకే బూడిదగా దిగియుండవచ్చును. ఏది యేదో మనుష్యుడే నిర్ణయింపవలెను.

వదినగారు మూడుమాఱులు వేయించుకొని చూచిరి. గోడపటము మాత్రము చిన్నదే చేయించితిమి. ఆ పద్ధతి బొమ్మలో కనబడు గీతలు 576, అందు సగమే వాడితిమి; జానెడు కంటె పెంచిన ముఖము చెదరుచున్నది.