ఢిల్లీలో తక్కువ ఖర్చు బస: గదికన్నా ముందు చూడవలసింది ప్రాంతం

హైదరాబాద్‌లో ఉదయం బయలుదేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మరునాడు ఉదయానికి న్యూఢిల్లీ స్టేషన్ చేరుతుంది. విశాఖపట్నం నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్‌కు కూడా అదే చివరి స్టేషన్. ఎయిమ్స్‌లో వైద్యం కోసం, షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ కార్యాలయంలో ఇంటర్వ్యూ కోసం, చాణక్యపురిలోని రాయబార కార్యాలయాల్లో పనుల కోసం ఏటా ఎందరో తెలుగువారు దేశ రాజధానికి వస్తుంటారు. వారిలో అత్యధికులకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: తక్కువ ఖర్చుతో, క్షేమంగా ఎక్కడ బస చేయాలి?

సాధారణంగా చాలామంది గది అద్దెను చూసి నిర్ణయం తీసుకుంటారు. కానీ మహానగరంలో గది అద్దె మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. పనిచోటుకు రోజూ వెళ్లి వచ్చే ఆటో ఛార్జీలు, ప్రయాణానికి పట్టే సమయం, వేళకు భోజనం దొరకక పడే అవస్థ కూడా లెక్కలోకి రావాలి. రోజుకు రెండు వందల రూపాయలు తక్కువకు దొరికిన గది కోసం మూడు వందలు ఆటోకు చెల్లిస్తే మిగిలేదేమీ ఉండదు. కాబట్టి వచ్చిన పనిని బట్టి ప్రాంతాన్ని, ఆ తరువాతే గదిని ఎంచుకోవడం ఉత్తమం.

స్టేషన్‌కు పడమటి వైపున, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం బయటే పహాడ్‌గంజ్ ఉంది. మెయిన్ బజార్, అరకాషన్ రోడ్డు చుట్టుపక్కల వందలాది చిన్న హోటళ్లున్నాయి. ఒకటి రెండు రాత్రులు ఉండి మళ్లీ రైలెక్కేవారికి ఇది సౌకర్యమే. అయితే ఇక్కడి సందులు ఇరుకు, రద్దీ ఎక్కువ. పైగా ఢిల్లీ మెట్రో పసుపు మార్గం, విమానాశ్రయ మార్గం స్టేషన్లు తూర్పున అజ్మేరీ గేట్ వైపున ఉన్నాయి. పహాడ్‌గంజ్‌లో బస చేసినవారు మెట్రో కోసం సామానుతో స్టేషన్ దాటి వెళ్లాలి, లేదా నీలి మార్గంలోని ఆర్కే ఆశ్రమ్ మార్గ్ స్టేషన్‌కు చేరుకోవాలి.

పహాడ్‌గంజ్‌కు పడమటన ఉన్న కరోల్‌బాగ్‌లో మధ్యతరగతి కుటుంబాలకు తగిన హోటళ్లు, భోజనశాలలు, దుకాణాలు ఉన్నాయి. నీలి మార్గం మెట్రో అందుబాటులో ఉంటుంది. పక్కనే ఉన్న ఓల్డ్ రాజిందర్ నగర్ సివిల్స్ శిక్షణ కేంద్రాలకు పేరుపొందింది. నెలల తరబడి ఉండే అభ్యర్థులు అక్కడ పేయింగ్ గెస్ట్ గదులు తీసుకుంటారు.

ఎయిమ్స్‌కు వచ్చే రోగుల అవసరం వేరు. ఓపీ కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడవలసి రావచ్చు. ఆ వేళకు మెట్రో నడవదు. అందువల్ల ఆసుపత్రికి నడిచి వెళ్లగల యూసుఫ్ సరాయ్, గౌతమ్ నగర్, గ్రీన్ పార్క్ పరిసరాల్లో అద్దె కొంత ఎక్కువైనా గది తీసుకోవడమే మేలు. రోగుల సహాయకుల కోసం నడిచే విశ్రామ సదన్‌లు, ధర్మశాలల్లో ఖర్చు బాగా తక్కువ. వాటిలో చోటు కోసం ఆసుపత్రి చీటీ చూపవలసి ఉంటుంది గనుక ఆ పత్రాలను చేతిలోనే ఉంచుకోవాలి. గది న్యూఢిల్లీ స్టేషన్ దగ్గర తీసుకున్నప్పటికీ, పసుపు మార్గంలో రైలు మారకుండానే ఎయిమ్స్ చేరవచ్చు.

విమానాశ్రయానికి చేరువలోని మహిపాల్‌పూర్‌లో కూడా చవక హోటళ్లు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున విమానం ఎక్కవలసినవారికి అవి ఉపయోగపడతాయి. నగరంలో పని ఉన్నవారికి మాత్రం అది దూరాభారం. రైలు రావడానికి, పోవడానికి మధ్య కొద్ది గంటల వ్యవధే ఉంటే, ఖరారైన టికెట్ పీఎన్ఆర్ నంబరుతో రైల్వే విశ్రాంతి గదులను ఆన్‌లైన్‌లో ముందే కేటాయించుకోవచ్చు.

ప్రాంతం తరువాత చూడవలసింది భద్రత. 2019 ఫిబ్రవరిలో కరోల్‌బాగ్‌లోని ఒక హోటల్‌లో తెల్లవారుజామున చెలరేగిన మంటల్లో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. అతిథులు నిద్రలో ఉన్న వేళ నడవాలు పొగతో నిండి బయటపడే దారి మూసుకుపోయింది. 2024 జులైలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక శిక్షణ కేంద్రం నేలమాళిగలోకి వరదనీరు చొచ్చుకురావడంతో ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఈ రెండు దుర్ఘటనలు చెప్పే పాఠం స్పష్టం. నేలమాళిగలోని గది ఎంత చవకైనా తీసుకోరాదు. కిటికీ లేని గదిని, కిటికీకి తెరవడానికి వీలులేని ఇనుప చట్రం బిగించిన గదిని వదిలిపెట్టాలి. రెండో మెట్లదారి ఉన్నదా, దానికి తాళం వేశారా అన్నది సామాను దించకముందే స్వయంగా నడిచి చూసుకోవాలి. చిన్న హోటళ్లలో మొదటి, రెండవ అంతస్తులు అనుకూలం.

స్టేషన్ బయట ఎదురయ్యే దళారుల పట్ల కూడా జాగ్రత్త అవసరం. ముందుగా గది తీసుకున్న హోటల్ మూతపడిందనో, ఆ దారి మూసేశారనో చెప్పి తమకు కమీషన్ ఇచ్చే మరో హోటల్‌కు తీసుకువెళ్లడం వారి పద్ధతి. అలాంటప్పుడు హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. ప్రీపెయిడ్ ఆటో కౌంటర్‌లో రసీదు తీసుకుంటే ఛార్జీ విషయంలో వాదన ఉండదు.

అద్దె మాట్లాడేటప్పుడే పన్ను కలిపి చెప్పారా అని అడగాలి. వెయ్యి రూపాయల లోపు గదులకు ఉన్న జీఎస్టీ మినహాయింపు 2022 జులైలో తొలగిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై 5 శాతం పన్ను అమలులో ఉంది. గది ఖాళీ చేయవలసిన సమయం మధ్యాహ్నం 12 గంటలా, లేక దిగిన వేళ నుంచి 24 గంటలా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. ఉదయం దిగేవారికి ఈ ఒక్క తేడాతో ఒక రోజు అద్దె అదనంగా పడవచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి గనుక అర్ధరాత్రి వచ్చినా గది ఇస్తారా అని అడిగి ఉంచుకోవడం మంచిది.

ప్రయాణికులు తమ ఆధార్ వంటి గుర్తింపు పత్రాన్ని చూపించి, మూలప్రతిని మాత్రం తమవద్దే ఉంచుకోవాలి. అత్యవసర సహాయానికి 112, రైలు ప్రయాణ సమస్యలకు 139, మహిళలకు 181 నంబర్లు అందుబాటులో ఉన్నాయి. వీలైతే మొదటి రాత్రికి మాత్రమే డబ్బు చెల్లించి, పరిసరాలను పగటి వెలుగులో చూసిన తరువాతే మిగిలిన రోజులకు గది ఖరారు చేసుకోవాలి. నచ్చకపోతే మరునాడే మరోచోటికి మారే అవకాశం అప్పుడే మిగిలి ఉంటుంది.