కన్నవారియెడ నిరాదరణ: కోలారు సీమ పలుకుబడి

తల్లిదండ్రుల నాదరింపని కుమారుని నిందించుటకు 'పితృద్రోహి' వంటి సంస్కృత పదములు గ్రంథములందు కలవు. కోలారు జిల్లా తెలుగిండ్లలో వినవచ్చు పలుకులు వేఱు.

మొదట ఏది నింద్యము కాదో చెప్పవలెను. 'మా నాయన వచ్చినాడు' అను ఏకవచనము ఈ సీమలో చనవే గాని అగౌరవము కాదు. కోస్తా బంధువులు దీనికి నొచ్చుకొనుట అనవసరము.

తిరస్కారము 'ఎదురు' అను మాటతో మొదలగును: ఎదురు చెప్పుట, ఎదురు తిరుగుట. బంగారు గనుల కార్మికుల లైన్లలో తెలుగు, తమిళ, కన్నడ కుటుంబములు ఇరుగుపొరుగున కాపురముండెను. తమిళమున 'ఎదిర్', కన్నడమున 'ఎదురు', మూటికిని మూలమొక్కటే. ఒక యింటి తగవు ప్రక్కయింటికి తెలియుటకు దుబాసీ అక్కఱలేదు!

అంతకు మించిన నిందలు పుట్టుకను, చావును పట్టుకొని సాగును. 'చెడబుట్టినాడు' అనగా వంశమునకు చేటుగా జనించినవాడు. 'నిన్ను కనేకన్నా రాయిని కన్నా బాగుండేది' అని తల్లి వాపోవును. చైనా దేశపు కాంటనీసు భాషలోను తల్లులు ఇట్లే, నిన్ను కనుటకంటె కాల్చిన పందిమాంసపు ముక్కను కనుట మేలందురు. రాయికంటె అది తినుటకైన పనికివచ్చును గదా! మాతాపితృసేవను వారు 'హావ్' అందురు. అది లేమి 'బాట్ హావ్'. ఇట్టి చిన్న జంటపదము మన వాడుకలో లేదు.

మనకున్నది తలకొరివి. కుమారుడనగా తలకొరివి పెట్టువాడు. 'నా తలకొరివి నీవు పెట్టవద్దు' అని తండ్రి యన్నచో అది బంధవిచ్ఛేదమే. తమిళ కన్నడములందలి 'కొళ్ళి'కిని ఇదే యర్థము. కాంటనీసువారిలో జ్యేష్ఠపుత్రుడు నీటిలో నాణెము వేసి, ఆ కొన్న నీటితో మృతుని కడుగుట ఆచారము. 'నీరు కొనువాడు లేడు' అనగా కొడుకు లేడని భావము.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అటుపిమ్మట కొడుకులనేకులు తెల్లవాఱక మునుపే బెంగుళూరు రైలెక్కుచున్నారు; కొందఱచటనే స్థిరపడిరి. తల్లిదండ్రులు పాత యిండ్లలో మిగిలిరి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రకారము వారు న్యాయాధికరణము నాశ్రయింపవచ్చును. పోషణ యనగా తిండి, బట్ట, నివాసము, వైద్యమని అందు నిర్వచింపబడినది. అర్జీలో 'చెడబుట్టినాడు' అని వ్రాసిన ఫలము లేదు. 'జీవనభృతి నిచ్చుట లేదు' అని వ్రాయవలెను. నెలనెల సొమ్ము పంపుచు, ఏడాదికొకమాఱైనను పలుకరింపని కుమారునిపై ఏమి వ్రాయవలెనో ఆ నిర్వచనములో లేదు. ఇంటిలో మాత్రము వానిని 'చూసుకోడు' అనియే యందురు.