నా టేబుల్ మీద కొహిమా

మనిషి ఎత్తు 28 మిల్లీమీటర్లు. బొటనవేలి పై కణుపంత! అందులోనే టోపీ, బూట్లు, తుపాకీ. ఇలాంటి బుల్లి సైనికులతో టేబుల్ మీద యుద్ధాలు ఆడేవాళ్లని వార్‌గేమర్స్ అంటారు. నేను పోగుచేసేది మాత్రం 1944 బర్మా పోరు సైనికుల్నే.

ఎందుకంటారా? అప్పుడు జపాన్‌ని ఓడించిన ఫోర్టీన్త్ ఆర్మీలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. అందుకే ముఖాలకి గులాబీ రంగు వేయను. సరైన చామనఛాయ కలపడానికే ఓ సాయంత్రం పడుతుంది. యూనిఫాం ఖాకీ కాదు, ఆకుపచ్చ. అడవిలో కనబడకూడదు కదా!

అసలు మజా తుపాకుల్లో ఉంది. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వందల గజాలు కొడుతుంది. కానీ పక్కవాడే కనబడని వెదురు పొదల్లో అంత దూరం దేనికి? అక్కడ ధైర్యమిచ్చేది బ్రెన్ గన్. సుమారు పది కిలోల బరువు, పైన వంపు మేగజైన్. తమాషా ఏంటంటే, జపాన్ వాళ్ల టైప్ 96కీ మేగజైన్ పైనే! మా ఫ్రెండ్స్ రెండిటినీ కలిపేస్తుంటారు. చిట్కా చెప్తా: జపాన్ గన్ బ్యారెల్ చుట్టూ వరసగా రింగులుంటాయి. బాయొనెట్ కూడా తగిలించొచ్చు.

కొహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటొకరు, ఇటొకరు కందకాల్లోంచి గ్రెనేడ్లు విసురుకున్నారు. ఇప్పుడక్కడ సైనికుల సమాధులున్నాయి. కోర్టు గీతల్ని తెల్ల కాంక్రీటుతో అలాగే ఉంచారు.

మా స్కేల్లో ఆ కోర్టు పొడవు 42 సెంటీమీటర్లు. అట్ట కోసి, చెరోవైపు పదిమందిని నిలబెట్టాను. మధ్యలో రెండు జానలు కూడా లేదు. ఆ రోజు ఎవరం పాచికలు వేయలేదు. చూస్తూ కూర్చున్నాం.