విమాన చోదకుని వివేకము

వందలకొలది ప్రయాణికులను మోసికొనిపోవు పెద్ద విమానములను గూర్చి నేనిప్పుడు ప్రసంగింపబోవుట లేదు. ఇద్దఱో నలుగురో కూర్చుండుటకు చాలునట్టి, ఒకే యింజనుగల చిన్న విమానములు కలవు. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో వీనిని వినోదము కొఱకు నడుపువారు పెక్కుమంది. కొందఱు సొంతముగా నుంచుకొందురు. కొందఱు క్లబ్బులలో అద్దెకు తీసికొందురు. వీరిలో వైద్యులు, వర్తకులు, న్యాయవాదులు మొదలగు అన్ని వృత్తులవారును కలరు. వారమంతయు తమ పని చూచుకొని, సెలవునాడు ఆకాశమున కెగయుదురు. అట్టి చోదకునకు ఎదుటనున్న పరికరములు చేయు సాయమేమి, అవి చేయజాలని పని యేది అను రెండు సంగతులను మీకు విన్నవింపదలచినాను.

ముందుగా మన శరీరమును గూర్చి ఒక మాట. ఏది పైవైపు, ఏది క్రిందివైపు అను సంగతి మనకు మూడు విధముల తెలియును: కన్ను చూచి చెప్పును, కండరములు బరువునుబట్టి చెప్పును, లోపలి చెవి చెప్పును. లోపలి చెవిలో వంకర తిరిగిన మూడు సన్నని గొట్టములును, వానిలో ద్రవమును గలవు. తల తిరిగినప్పుడు ద్రవము కొంచెము వెనుకబడును. ఆ తేడానుబట్టి, తిరుగుచున్నామని మెదడు గ్రహించును. కాని ఒకే వేగముతో తిరుగుట కొంతసేపు సాగినచో, సుమారు 20 సెకండ్లలో ద్రవమును గొట్టముతోపాటు సమముగా తిరుగసాగును. అప్పుడు తిరుగుచున్నామను స్పృహయే పోవును. ఆగినచో, ఎదురుదిక్కునకు తిరుగుచున్నట్లు తోచును. గిఱగిఱ తిరిగి ఆగిన పిల్లలందఱును ఈ సంగతి నెఱుగుదురు. అయితే వారి కాళ్లక్రింద నేల కలదు. పడినను మోకాలు గీచుకొనుటతో సరి.

మేఘములో ప్రవేశించిన చోదకునకు ఆ నేల లేదు. ఆకాశమును భూమియు కలియునట్లు తోచు దిగంతరేఖ మఱుగుపడును. కంటి సాక్ష్యము పోగా చెవి సాక్ష్యమే మిగులును. అది అబద్ధపు సాక్ష్యము. విమానము మెల్లమెల్లగా ఒక ప్రక్కకు ఒరగును. ఒరిగిన సంగతి చోదకునకు తెలియదు. తాను తిన్నగా కూర్చున్నట్లే యుండును. ఒరిగిన విమానము వలయముగా తిరుగుచు ఎత్తు కోల్పోవును. ఎత్తు తగ్గుట చూచి, అతడు విమానపు ముక్కును పైకెత్తుటకై పిడిని తనవైపు లాగును. ఒరుగును సరిచేయక లాగుటచే ఆ వలయము మఱింత బిగియును. విమానము మఱింత వేగముగ క్రిందికి దిగును. అతడు చేయు రక్షణప్రయత్నమే అతనికి ఉరియగును.

ఇది ఊహ కాదు. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. కేవలము పరికరములను చూచి నడుపుటలో శిక్షణ లేని 20 మందిని విమానములో నెక్కించి, బయటి ప్రపంచము కనబడకుండ చేసి, నడుపుమనిరి. ప్రక్కన అనుభవశాలి కూర్చుండెను గనుక ప్రాణాపాయము లేకపోయెను. ఆ 20 మందిలో ఒక్కరును విమానమును అదుపులో నుంచుకొనలేకపోయిరి. సగటున వారు నిలిచిన కాలము 178 సెకండ్లు; అనగా మూడు నిమిషములకు రెండు సెకండ్లు తక్కువ. కాని తగిన శిక్షణ నిచ్చిన పిదప వారు మేఘములోనుండి వెనుకకు మరలి రాగలిగిరి. కావున లోపము మనుష్యుల తెలివిలో లేదు, నేర్వకపోవుటలోనే యున్నది.

ఈ యాపదకు మందు కనుగొని చాలకాలమైనది. వేగముగ తిరుగు బొంగరము తన యిరుసు దిక్కును సులభముగా మార్చుకొనదు. ఈ గుణము నాధారము చేసికొని గైరోస్కోపు అను సాధనమును, దానితో కృత్రిమ దిగంతమును కల్పించిరి. విమానమెట్లు ఒరిగినను, అందలి చిన్న గీత నిజమైన దిగంతమును చూపుచుండును. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు దగ్గఱి మిచెల్ ఫీల్డులో జేమ్స్ డూలిటిల్ అను చోదకుడు, తన గదిపై ముసుగు కప్పించుకొని, బయటికి చూడకయే విమానము నెత్తి, ఎగిరించి, తిరిగి దింపెను. ప్రమాదము రాకుండ ముందు సీటులో వేఱొక చోదకుడు కూర్చుండెనే కాని, పిడిని ముట్టలేదు. ఎత్తును, వేగమును, దిక్కును, వంపును చూపు పరికరములు నేడు చిన్న విమానములలో సైతము కలవు.

అట్లయిన ఇక భయమేల యని మీరడుగవచ్చును. 1999 జులై 16వ తేది రాత్రి, అమెరికా అధ్యక్షుడుగా నుండిన కెనెడీ కుమారుడు జాన్ కెనెడీ, భార్యను ఆమె సోదరిని ఎక్కించుకొని, న్యూజెర్సీనుండి మార్తాస్ విన్యార్డు దీవికి బయలుదేఱెను. విమానము మంచిది, పరికరములు నిండుగా నున్నవి, తనంత తానే నడుపు ఆటోపైలటు కూడ నున్నది. కాని చీకటి రాత్రి, పొగమంచు, క్రింద సముద్రము. పరికరములను మాత్రమే నమ్మి నడుపుటకు కావలసిన అర్హతను అతడింకను పొందియుండలేదు. విమానము సముద్రములో పడి ముగ్గురును మరణించిరి. యంత్రములో లోపమేమియు కనబడలేదనియు, చోదకునకు దిక్కు తోచని భ్రాంతి కలిగి విమానము అదుపు తప్పినదనియు విచారణచేసిన ప్రభుత్వ సంఘమువారు తేల్చిరి. చేతిలో దివిటీ యున్నను, దారి చూచు కన్ను అలవడవలెను గదా!

అదే సంఘమువారు 2010లో మఱియొక విషయమును వెల్లడించిరి. పాత గుండ్రని ముల్లు పరికరములకు బదులు, వెలుగు తెరలమీద సమస్తమును చూపు క్రొత్త పద్ధతి చిన్న విమానములలోనికి వచ్చినది. ఈ తెరలుగల విమానములకు మొత్తముమీద ప్రమాదములు తక్కువే. కాని ప్రాణములు పోయిన ప్రమాదముల రేటు మాత్రము పాతవానికంటె హెచ్చుగ నుండెను. వానిని దూరప్రయాణములకు, దుర్దినములలో ఎక్కువగ వాడుట ఇందుకొక కారణము. సాధనము పెరిగినకొలది సాహసము పెరుగుట మనుష్య స్వభావమేమో యని నాకు తోచుచున్నది.

పరికరము చెడిపోవుటయు కలదు. అందుచే నేర్పరియైన చోదకుడు ఏ యొక్కదానినో గ్రుడ్డిగ నమ్మడు. కృత్రిమ దిగంతము తిన్నగా నున్నట్లు చూపుచు, ఎత్తు తగ్గి వేగము హెచ్చుచున్నచో, వానిలో నేదో కల్లలాడుచున్నదని గ్రహించి మిగిలినవానిని సాక్ష్యమడుగును. పెట్రోలు ముల్లు ఎంత చూపినను, బయలుదేఱుటకు ముందు తొట్టిమూత తీసి తానే స్వయముగ చూచుకొనును.

అయితే అన్నిటికంటె గొప్ప నిర్ణయము మేఘములో చేయునది కాదు. మేఘమునకు ముందు చేయునది. మబ్బు ఎంత క్రిందికి దిగినచో బయలుదేఱకూడదో, దారిలో చూపు ఎంత తగ్గినచో వెనుకకు మరలవలెనో, ఆ హద్దులను నేలమీద నుండగానే, మనస్సు నిబ్బరముగ నున్నప్పుడే నిర్ణయించుకొనవలెను. ఆకాశములో నున్నప్పుడు గమ్యము దగ్గఱపడుచుండును. అక్కడ మనకొఱకు ఎదురుచూచువా రుందురు. ఇంకొక్క పది నిమిషములే గదా యని ఆశ పలుకును. ఆ ఆశకు సమాధానము చెప్పగల ముల్లు ఏ పరికరములోను లేదు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు చెప్పినది అక్కడ అక్షరాల సత్యము.

ఇందులో మనవంటి సామాన్యుల వంతును కొంత కలదు. ఏ మిత్రుడో మిమ్ము తన చిన్న విమానములో త్రిప్పుదునని పిలిచి, తీఱ బయలుదేఱు వేళకు ఆకాశమువైపు చూచి, నేడు వలదు, మఱొకనా డెగురుదమనవచ్చును. అప్పుడు మీరు చిన్నబుచ్చుకొనకుడు. అతనిని పిఱికివాడని హాస్యమాడకుడు. మీ ముఖములోని నిరుత్సాహము చూడలేకయే అతడు తన హద్దును దాటవచ్చును. వలదు అని చెప్పగల చోదకునివెంటనే మఱొకనాడు నిశ్చింతగా ఎగురవచ్చును.