తరుగు పోగా తేజస్

తేజస్ యుద్ధవిమానముపై ముఖచిత్ర కథనము శుక్రవారము సాయంకాలములోగా చేరవలయునని సంపాదకులు కబురు చేసినప్పుడు, పలాస జీడిపప్పు బజారున కూర్చుండి ఆకాశయానమును గూర్చి వ్రాయుట యెట్లని నేను సందేహింపలేదు. ఏలయన ఆ విమాన రూపకల్పనకు సారథ్యము వహించిన కోట హరినారాయణగారు, ఇచ్ఛాపురము దాటిన పిమ్మట రైలు చేరుకొను బరంపురమున 1943లో జన్మించినవారు. పలాసయు టెక్కలియు బరంపురమును 1936 వరకు ఒక్క గంజాం జిల్లాలోనివే గనుక, ఆయనను మావారని చెప్పుకొనుటకు మాకు ఏడేండ్లే అడ్డు.

సంపాదకులు పంపిన ఛాయాచిత్రములలో విమానము చూడముచ్చటగ నున్నది. వానిని ప్రక్కనుంచి నేను మరల మరల తిరుగవేసినది, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు 2015 మే నెలలో పార్లమెంటు ముందుంచిన నివేదికను. అలంకారమన్నది మచ్చునకైన లేని ఆ గద్యము, 1985లో వాయుసేన కోరిన గుణముల నొకవైపునను, తయారైన మార్క్-1 విమానమును వేరొకవైపునను నిలిపి, నడుమ 53 లోపములను లెక్కించినది: అందు 20 శాశ్వతముగ మన్నింపబడినవి, 33 తాత్కాలికముగ సడలింపబడినవి. బరువు పెరిగినది, కడుపులో పట్టు ఇంధనము తగ్గినది, వేగము తగ్గినది, ఎదుటినుండి వచ్చు దెబ్బకు పైలటునకు గల రక్షణ చాలినంత లేదు. ఏడాదికి ఎనిమిది విమానములు కావలసియుండగా, కర్మాగారమునకు గల శక్తి నాలుగింటికే. డెబ్బది శాతము స్వదేశీయమని అంచనా వేయబడిన సొత్తు, 2015 జనవరి నాటికి ముప్పదియైదు శాతము చెంతనే నిలిచినది.

పలాస చుట్టుపట్ల గల ఉద్దానపు రైతు ఎనుబది కిలోల జీడిపిక్కల బస్తాను దింపినప్పుడు, వర్తకుడు నాలుగు పిక్కలు కోసి చూచి తరుగు తీయును. ఆ తరుగునకు చీటీ యుండదు, రైతు గొణుగుకొనుచు పోవును. ఇచ్చట ప్రభుత్వమే తన సరకునకు తరుగు తీసి, అంకెలతోసహా అచ్చువేసి, సభలో నుంచినది. ఈ విమానముపై నాకు మక్కువ కలిగినది ఆ పుటలు చదివినప్పుడే.

చరిత్రకు స్థలము తక్కువ: 1983లో అనుమతి; మరుసటి యేడు ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ స్థాపన; 2001 జనవరి 4న బెంగళూరులో రాజీవ్ కోఠియాల్ నడుపగా తొలి విహారము; 2003లో వాజపేయిగారు పెట్టిన పేరు; 2016 జూలైలో తొలి దళము; 2025 నవంబరులో దుబాయి ప్రదర్శనమున కూలిన విమానముతో వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్‌గారి మరణము.

అయినను ఆ నివేదికతో నాకొక తగవు గలదు. చురుకుదనము కొరకై తేజస్‌ను బుద్ధిపూర్వకముగనే అస్థిరముగ రూపొందించిరి. కంప్యూటరు నిముసమైన రెప్పవేయక రెక్కల అంచులను సవరించుచుండనిచో అది నిలకడగ ఎగురనేరదు. ఆ నియంత్రణ వ్యవస్థను పరీక్షించుటకై అమెరికాలోని లాక్‌హీడ్ మార్టిన్ సంస్థలో పనిచేయుచుండిన మన ఇంజనీర్లను, 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగినంతనే ఇంటికి పొమ్మనిరి. పరికరములను అచ్చటనే నిలిపివేసిరి. 1992 నుండి నియంత్రణ సూత్రములపై పనిచేయుచుండిన నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ బృందమును, తక్కిన సంస్థలవారును బెంగళూరులోనే ఆ పనిని ముగించిరి; మూడేండ్లు నిండకమునుపే విమానము లేచెను. శాతముల లెక్కలో ఆ గణితమున కెంత విలువ కట్టుదురో ఆడిటరుగారే చెప్పవలయును.

ఇంజను మాటకు వచ్చినప్పుడు నాకు వాదమే లేదు. మనవారు రూపొందింపబూనిన కావేరీ ఇంజను ఈ విమానమునకు అందిరాలేదు. అమెరికావారి ఎఫ్-404తోనే ఎగురుచున్నది. 2021లో 99 ఇంజన్లు కోరగా, వానిలో మొదటిది 2025 మార్చిలో చేతికి వచ్చినది. స్వదేశీ యను మాటను ముఖపత్రముపై లావుపాటి అక్షరములతో వేయవలదని సంపాదకులకు విన్నవించితిని. వేయుదురనియే నా అనుమానము.

పెట్టె 1: పొరుగున

జేఎఫ్-17 విమానమును పాకిస్తాన్, చైనాలు ఉమ్మడిగ నిర్మించినవి. 2003 ఆగస్టు 25న చెంగ్డూలో తొలిసారి ఎగిరినది. ఇరువురు కూడి కట్టినను ఇంజను రష్యావారిది.

పెట్టె 2: హైదరాబాదు వాటా

తేజస్ తరువాతి రూపమైన మార్క్-1ఏ నడిమి దేహభాగమును హైదరాబాదులోని వెమ్ టెక్నాలజీస్ తయారుచేయుచున్నది. తేజస్ మోయు అస్త్ర క్షిపణిని భారత్ డైనమిక్స్ అచ్చటనే తయారుచేయుచున్నది. హరినారాయణగారును తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగ వచ్చిరి.

పెట్టె 3: ఉద్దానమున

కేంద్ర పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడుగారిది టెక్కలి ప్రాంతపు నిమ్మాడ. మందస, వజ్రపుకొత్తూరు వైపున విమానాశ్రయమును కట్టవలయునను ప్రతిపాదన యున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి, జీడితోటలను మరల పెంచుకొనుచున్న రైతులలో పలువురు దానిని ఎదిరించుచున్నారు. తోటల నడుమ నన్ను చూచినవారు తేజస్‌ను గూర్చి ఒక్క ప్రశ్నయు వేయలేదు. సర్వే రాళ్లు ఎచ్చట పాతుదురో తెలిసినదా అని అడిగిరి.