చేలో దొరికిన రాయి: పనిముట్టా, ఉత్త రాయేనా?

వేసవి సెలవులు అయ్యాక మన పిల్లలు అమ్మమ్మ, తాతగారి ఊళ్ళ నుంచి ఏవేవో పట్టుకొస్తారు. ఈ ఏడాది ఏడో తరగతి అబ్బాయి ఒకడు కర్నూలు వైపు తాతగారి చేలో దొరికిందంటూ అరచేతి మందాన ఒక రాయి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మేడం, ఇది ఆదిమానవుడి గొడ్డలేనా?" అని అడిగాడు. చుట్టూ పదిమంది మూగారు. సగం మంది అవునన్నారు, సగం మంది కంకర రాయన్నారు. ఎవరూ రాయిని తిప్పి చూడలేదు!

తిప్పి చూడటమే అసలు పని. రాయి ఎండకు పగులుతుంది, నిప్పుకు పగులుతుంది, కొండ మీంచి దొర్లినా పగులుతుంది. కానీ మనిషి గుండ్రాయితో గురి చూసి అంచు మీద కొట్టినప్పుడు ఊడే పెచ్చుకు కొన్ని గుర్తులుంటాయి. దెబ్బ తగిలిన చోటికి కాస్త కింద చిన్న ఉబ్బు కనబడుతుంది. ఆ ఉబ్బు నుంచి చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాంటి వంపు గీతలు సాగుతాయి. పెచ్చు ఊడిన పెద్ద రాయి మీదేమో దానికి సరిపోయే గుంట మిగులుతుంది. అయితే ఒక్క గుంటను చూసి సంబరపడకూడదు. కంకర మిల్లులో నలిగిన రాయికీ అలాంటి గుంటలు ఉండొచ్చు. గుంటలు ఒకదాని పక్కన ఒకటి వరసగా, రాయికి రెండు వైపుల నుంచీ వచ్చి ఒక అంచు దగ్గర కలుస్తున్నాయా? అలా కలిస్తే ఎవరో రాయిని చేతిలో తిప్పుకుంటూ, ఎక్కడ కొట్టాలో ఆలోచించి కొట్టారన్నమాట.

తర్వాత రంగు చూడండి. వేల ఏళ్ళు మట్టిలో ఉన్న రాయి పైపొర మారిపోతుంది. పాత గుంటల్లోనూ అదే పొర కనబడాలి. గుంట లోపల మాత్రమే తాజా రంగు తేలితే అది నిన్నో మొన్నో ట్రాక్టరు నాగలి తగిలి ఊడిన పెచ్చు. నాగలి ఇనుము రాసుకుంటే తుప్పు రంగు చార కూడా పడుతుంది. ఇక ఏటిలో దొర్లిన గులకరాయికి అంచులన్నీ అరిగి ఉంటాయి కాబట్టి దాన్ని గుర్తుపట్టడం తేలిక. చుట్టుపక్కల ఎక్కడా లేని రకం రాయి నల్లరేగడి చేలో ఒంటరిగా దొరికితే అది అక్కడికెలా వచ్చిందని తప్పక అడగాలి.

కొత్తరాతియుగం గొడ్డళ్ళ సంగతి వేరు. వాటిని ముందు చెక్కి, తర్వాత పొడిచి, చివరికి బండ మీద నూరి నున్నగా చేసేవారు. కర్నూలుకు పొరుగున ఉన్న బళ్ళారి దగ్గర సంగనకల్లు, కుప్పగల్లు కొండల మీద ఇలాంటి నల్లరాతి గొడ్డళ్ళు పెద్ద ఎత్తున తయారయ్యాయి. నూరిన చోట బండల మీద పడిన గాడులు ఇప్పటికీ ఉన్నాయి. ఇవి మనుషులు చేసినవని తెలియక, పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడ్డాయని ప్రపంచంలో చాలాచోట్ల నమ్మేవారు.

అన్నిటికంటే సులువుగా చేజారేవి గోరంత ఉండే సూక్ష్మ పరికరాలు. తొలకరి వానకు మట్టి కొట్టుకుపోయాక చెకుముకి రాయి, పలుగురాయి పలుకుల్లా మెరుస్తాయి. నాకైతే పెద్ద గొడ్డళ్ళ కంటే ఇవే ముచ్చటగా ఉంటాయి.

ఇంతకీ ఆ అబ్బాయి రాయికి రెండు వైపులా గుంటల వరస ఉంది, పొర ఒకే రంగులో ఉంది. మనిషి చేసిందేనని చెప్పాను. "ఏ చేలో, ఏ మూల దొరికింది?" అంటే మాత్రం, "గట్టు మీద రాళ్ళ కుప్పలో ఉంది మేడం" అన్నాడు. రైతులు దుక్కికి అడ్డొచ్చిన రాళ్ళను ఏరి గట్టున పోస్తారు కదా! అక్కడితో సగం సమాచారం పోయింది. అది కర్నూలు నుంచి ఓడెక్కి అండమాన్ చేరాక మిగతా సగం కూడా పోయేదే, వాడికి ఊరి పేరు గుర్తుంది కాబట్టి సరిపోయింది.

చోటు ఎందుకంత ముఖ్యమో జ్వాలాపురం చెబుతుంది. ఆ ఊరు ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలింది. మన నికోబార్ దీవులకు సుమత్రా ఎంత దగ్గరో అట్లాసులో చూడండి. ఆ బూడిద సముద్రం దాటి వెళ్ళి జ్వాలాపురంలో పొరగా పడింది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వితే బూడిద పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. పొర కింద దొరికిన పనిముట్టు పేలుడుకు ముందుది, పైన దొరికింది తర్వాతది. అదే పనిముట్టును తీసి కంపాస్ పెట్టెలో వేసుకుంటే ముందుదో తర్వాతదో ఇక ఎవరు చెప్పగలరు?

రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన భారత భూగర్భ సర్వే ఉద్యోగి. మీ అమ్మానాన్నల్లాగే ప్రభుత్వ కొలువులో ఊరూరా తిరిగినవాడు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో చేతిగొడ్డలిని గుర్తించాడు. మన దేశంలో పాతరాతియుగం ఉందని లోకానికి తెలిసింది దానితోనే. తర్వాత దక్షిణాదిలో ఎన్నో చోట్ల సేకరించాడు. 1904లో మద్రాసు మ్యూజియం ఆ సేకరణను కొన్నది. ఏది ఎక్కడ దొరికిందో ఆయన రాసి ఉంచడం వల్లే ఈనాటికీ పరిశోధకులు ఆ జాబితా పట్టుకుని అవే చోట్లకు వెళ్ళగలుగుతున్నారు.

కాబట్టి మీకు రాయి కనబడితే తీసే ముందే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఊరు, చేను, తేదీ, ఫోన్‌లో చూపే అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. దాన్ని అక్కడే ఉంచి పెద్దల ద్వారా రాష్ట్ర పురావస్తు శాఖకు కబురు పెట్టండి. కడిగి, రుద్ది, వార్నిష్ పూయకండి. లైసెన్సు లేకుండా ప్రాచీన వస్తువులు అమ్మడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

మరి మన హోప్ టౌన్‌లో? ఇక్కడి కొబ్బరి, వక్క తోటల్లో చేతిగొడ్డలి కోసం వెతకడం కంటే, ఈ దీవుల్లో గుల్లల దిబ్బలు ఉంటాయని తెలుసుకోవడం మేలు. అండమాన్ ఆదివాసులు తరతరాలుగా తిని పారేసిన గుల్లలు, పంది ఎముకలు, కుండపెంకులు పేరుకుని ఏర్పడినవి అవి. 1870లోనే స్టోలిచ్కా అనే భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు. దక్షిణ అండమాన్‌లోని చౌల్‌దారీ దిబ్బను జరీన్ కూపర్ తవ్వి చూస్తే అది సుమారు 2,200 ఏళ్ళ కిందటిదని తేలింది. ఇక్కడివాళ్ళు గుల్లనే కత్తిగా వాడేవారు. పలుగురాయి పెచ్చులతో తల గొరిగేవారు. ఓడల వల్ల సీసాలు దొరికాక గాజును కూడా అలాగే పెచ్చులుగా కొట్టి వాడుకున్నారు. గాజు పెచ్చుకూ అదే ఉబ్బు, అవే అలలు ఉంటాయి. బాట మీద పడి ఉన్న గాజుముక్క చెత్తే కావచ్చు. గుల్లల దిబ్బలో గుల్లల మధ్య ఇరుక్కుని కనబడితే మాత్రం చెయ్యి పెట్టకుండా ఫోటో తీసి నాకు చూపించండి. పోర్ట్ బ్లెయిర్‌లో భారత మానవశాస్త్ర సర్వే కార్యాలయం ఉంది, అక్కడివారికి చూపిద్దాం.