ఎన్.వై.సి. అంటే ఏ ఎయిర్‌పోర్టు?

అమ్మావాళ్ళకి టికెట్ కొనేటప్పుడు నేను ముందు చూసేది ధర కాదు, మూడక్షరాల కోడ్.

వెబ్‌సైట్లో ఎన్.వై.సి. అని కొడితే అది ఒక ఎయిర్‌పోర్టు కాదు, ఊరు మొత్తానికీ కలిపి ఇచ్చిన కోడ్. దానికింద జె.ఎఫ్.కె., ఎల్.జి.ఎ. అంటే లాగ్వార్డియా, ఇ.డబ్ల్యు.ఆర్. అంటే న్యూఆర్క్, మూడూ వస్తాయి. మొదటి రెండూ క్వీన్స్‌లో ఉన్నాయి. న్యూఆర్క్ హడ్సన్ నదికి అవతల, న్యూజెర్సీలో.

చిక్కంతా ఇక్కడే. జె.ఎఫ్.కె.లో దిగి, డాలస్ విమానం లాగ్వార్డియాలో ఎక్కాల్సిన టికెట్లు కూడా కంప్యూటర్ చూపిస్తుంది. ఇమిగ్రేషన్, కస్టమ్స్ అయ్యాక పెట్టెలన్నీ తీసుకుని ఊళ్ళోంచి వాళ్ళే వెళ్ళాలి. వీల్‌చైర్ సాయం అడిగినా అది ఆ ఎయిర్‌పోర్టు గుమ్మం దాకానే. లాగ్వార్డియాకి రైలు లేదు. టాక్సీయో, బస్సో ఎక్కాలి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

అందుకని దిగే కోడూ, మళ్ళీ ఎక్కే కోడూ ఒకటేనా అని చూడండి. రెండూ జె.ఎఫ్.కె. అయితే, టెర్మినల్ మారినా 2003లో మొదలైన ఎయిర్‌ట్రెయిన్ ఉచితంగా తీసుకెళ్తుంది. కోడ్‌లు వేరైతే మాత్రం, టికెట్ ఎంత చవకైనా వదిలెయ్యండి.